అక్కముక్క

ఆ క్షయ ఆసుపత్రిలో ఎవరి ఒంట్లో ఎలా ఉందో డాక్టర్లకు ఎక్స్‌రేలు చూస్తే తెలిసేది, వంటక్కకు ఎంగిలి పళ్లేలు చూస్తే తెలిసేది. ఇద్దరిలో ఎవరికి ముందు తెలిసేదని అడిగితే డాక్టర్లు నొచ్చుకుంటారు కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం.

పళ్లేలు తెల్లటి ఎనామిల్‌వి. ఒక్కోదాని అంచు మీద ఎర్ర రంగుతో మంచం నంబరు రాసి ఉండేది. ఆడవాళ్ల వార్డులో ఇరవై రెండు మంచాలు, ఇరవై రెండు పళ్లేలు. భోజనాలయ్యాక అవి తోపుడు బండి మీద పళ్లేలు కడిగే గదికి వచ్చేవి. అక్కడ పెద్ద కాగులో నీళ్లు సలసలా మరుగుతూ ఉండేవి. బండి తోసే పెద్దాయనను అందరూ బండన్న అనేవారు. ఆయన ఒక్కో పళ్లెంలో మిగిలింది బకెట్లోకి దులిపి, పళ్లెం కాగులో పడేసేవాడు. ఆ గదికీ వంటింటికీ మధ్య గోడలో అద్దం బిగించిన చిన్న కిటికీ ఉంది. వంటింటివాళ్లు కాగులో ఉడకని పళ్లెం ముట్టుకోకూడదు, వార్డులో అడుగు పెట్టకూడదు. చూడకూడదని మాత్రం ఎవరూ రాయలేదు, ఆ ఒక్కటీ మరచిపోయారు. వంటక్క పూటపూటా ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేది.

ఏడో నంబరు గుడ్డు వదిలేసిందంటే జ్వరం తిరగబెట్టిందన్నమాట. పద్నాలుగో నంబరు రొట్టె మెత్తటి భాగం తిని అంచులు వదిలేస్తే గొంతు నొప్పి. పంతొమ్మిదో నంబరు ఏమీ తినకుండా అంతా కలగాపులగం చేసి పంపితే ఇంటి నుంచి ఉత్తరం రాలేదని. అన్నీ చూసేది కానీ ఆవిడ ప్రాణమంతా పదకొండో నంబరు మీదే ఉండేది. అది ఆవిడ చెల్లెలి పళ్లెం.

వంటక్కను ఆవిడకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవాళ్లు. గరిటె చేతిలో ఉన్నవాళ్లకు వయసుతో పనేముంది? కానీ నిజంగా అక్కా అని పిలిచే హక్కున్న మనిషి ఆ ఆసుపత్రి మొత్తంలో ఒక్కతే. ఆ ఒక్కతే పిలవడానికి లేదు. వార్డులో గోడ మీద పెద్ద బోర్డు ఉండేది: మాట్లాడరాదు, పాడరాదు, నవ్వరాదు. ఊపిరితిత్తులకు ఎంత విశ్రాంతి ఇస్తే అంత మంచిదని అప్పటి వైద్యం. చెల్లెలికి ఉత్తరం రాయడానికి కూడా అనుమతి లేదు, చేయి కదిలితే భుజం కదులుతుందట.

చెల్లెలు అంతకుముందు బట్టల దుకాణంలో చొక్కాలకు బొత్తాలు కుట్టేది. దగ్గు మొదలై, దగ్గులో ఎరుపు కనబడి, ఈ మంచం ఎక్కింది. అప్పటికి అక్క పట్నంలో ఒక రొట్టెల బట్టీలో మేస్త్రీ, ఆవిడ చేయి పడందే అక్కడ పిండి పొంగేది కాదు. అది వదిలేసి, చెల్లెలికి దగ్గరగా ఉండొచ్చని ఈ ఆసుపత్రి వంటింట్లో చేరింది. చేరిన మొదటి రోజే వార్డులోకి వెళ్లకూడదన్న నియమం వినిపించారు. కిటికీ తీస్తే కనబడే భవనంలో చెల్లెల్ని పెట్టుకుని, నెలకోసారి మొదటి ఆదివారం అద్దం తలుపు బయట నిలబడి చేయి ఊపి వచ్చేయాలి. బయటివాళ్లకూ అంతే, ఆవిడకూ అంతే. అందుకని ఆ రెండేళ్లూ ఆ పళ్లెమే ఉత్తరమయింది.

ఉత్తరంలో సంతకం కూడా ఉండేది. దాని కథ చిన్నది. అమ్మ పోయేనాటికి అక్కకు పద్నాలుగేళ్లు, చెల్లెలికి నాలుగు. అక్క ముందు చెల్లికి పెట్టి, నాకు ఆకలిగా లేదు అనేది. నాలుగేళ్ల పిల్లకు ఆ అబద్ధం ఎలా తెలిసిపోయిందో గాని, రొట్టెలో ఒక మూల విరిచి పళ్లెం ఎడమ అంచుకు జరిపి, "ఇది అక్కముక్క" అనేది. అది అక్క నోట్లో పడేదాకా కూర్చున్న చోటు నుంచి లేచేది కాదు. అలిగినా, జ్వరం వచ్చినా, పెద్దదై తన సంపాదన తాను తింటున్నా ఆ అలవాటు పోలేదు. ఆసుపత్రిలోనూ పోలేదు. పదకొండో నంబరు పళ్లెంలో ఎంత మిగిలినా, ఎడమ అంచున ఒక మూల విడిగా, నీటుగా ఉండేది. ఎవరూ తినేది కాదు, బకెట్లోకి పోయేదే. అయినా అద్దంలోంచి దాన్ని చూస్తే వంటక్కకు ఆ పూటకు కడుపు నిండేది.

రెండేళ్లలో పళ్లెం చాలా చెప్పింది. సూది మందు కొత్తగా వచ్చినప్పుడు రెండు నెలలపాటు మిగిలేది తగ్గింది. వంటక్క ఊరంతా చెప్పుకుని మురిసింది, డాక్టర్లూ మురిశారు. తర్వాత ఆ మందుకు రోగం లొంగడం మానేసింది, పళ్లెం మళ్లీ నిండుగా రావడం మొదలైంది. ఈ చలికాలానికి చెల్లెలు తినేది రెండు చెంచాల సూపు, ఒక గుటక పాలు. అక్కముక్క మాత్రం మానలేదు, తను తిన్నదానికంటే అదే పెద్దదిగా ఉండేది. అది చూసిన రోజుల్లో వంటక్క పొయ్యి ముందు నిలబడి పొగ కళ్లలో పడిందని అందరికీ చెప్పేది.

ఒక మంగళవారం మధ్యాహ్నం పదకొండో నంబరు పళ్లెం ఖాళీగా వచ్చింది.

ఖాళీ అంటే మామూలు ఖాళీ కాదు. రొట్టెతో తుడిచినట్టు తళతళలాడుతోంది. ఎడమ అంచున ఏమీ లేదు. మంచం మీద వేరే మనిషి ఉందేమో అన్న ఆలోచన మెరుపులా వచ్చింది, ఆ ఆలోచనను ఆవిడ ఒక్క క్షణం కూడా కూర్చోనివ్వలేదు. కిటికీ అద్దం మీద టకటకా కొట్టి, పదకొండో నంబరు ఉందా అని అడిగింది. బండన్న ఉలిక్కిపడి, ఉంది, బాగానే ఉంది అన్నాడు. అంటూ చూపు కాగు వైపు తిప్పుకున్నాడు.

చూపు ఎందుకు తిప్పుకున్నాడు? సాయంత్రం దాకా వంటక్క దీని మీదే పిండి పిసికినట్టు పిసికింది. మర్నాడు పళ్లెం మళ్లీ ఖాళీ. గురువారమూ ఖాళీ. ఆ వారాంతం మొదటి ఆదివారం. పట్నంలో జలుబులు ఎక్కువగా ఉన్నాయి కాబట్టి ఈ నెల చూపులు లేవని పెద్ద నర్సు చీటీ అంటించింది. బండన్నను మళ్లీ అడిగితే బండి తోసుకుని వెళ్లిపోయాడు. అప్పుడు వంటక్క కంటికి ఆయన బొజ్జ కనిపించింది. న్యాయంగా చెప్పాలంటే ఆ బొజ్జ ఆయన పనిలో చేరిన పన్నెండేళ్లుగా అక్కడే ఉంది, ఆవిడకు ఆ వారమే కనిపించింది. ఇంకేముంది, లెక్క తేలిపోయింది. ఈ మహానుభావుడు దారిలో బండి ఆపి తన చెల్లెలి తిండి తినేస్తున్నాడు.

నిజం చెప్పుకోవాలి. ఆయన దొంగ అనుకోవడమే ఆవిడకు సుఖంగా ఉంది. దొంగను పట్టుకోవచ్చు, తిట్టొచ్చు, చెల్లెలి తిండి చెల్లెలికి చేర్చొచ్చు. మంచం మీద వేరే మనిషి అన్న రెండో ఆలోచనతో ఏమీ చేయడానికి లేదు. తన చెల్లెలు అక్కముక్క పెట్టకుండా పళ్లెం ముగించదు. కాబట్టి ఆ పళ్లెం ముగించింది చెల్లెలు కాదు. ఇంత సూటి వాదన ఆవిడకు కోర్టులో కూడా దొరకదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ వల వేసింది. పదకొండో నంబరు సూపు గిన్నెలో పిడికెడు ఉప్పు వేసి, కరిగేదాకా కలిపింది. ఒక్క పూటే కదా, ఎలాగూ చెల్లికి చేరడం లేదు కదా అని మనసుకు సర్ది చెప్పుకుంది. ఆ మనిషికి మూడు చెరువుల నీళ్లు తాగించకపోతే తన చేతిలో గరిటె దండగ అనుకుంది. బండి కదిలాక కిటికీకి ఎదురుగా, అందరూ తాగే నీళ్ల కుండ పక్కనే కూరగాయలు ముందేసుకుని కూర్చుంది, కళ్లలో వత్తులు వేసుకుని.

బండన్న తిరిగి వచ్చాడు. కుండ వైపు చూడలేదు. పెదవులు తడుపుకోలేదు. నిదానంగా, ఈల వేసుకుంటూ పళ్లేలు దులుపుతున్నాడు. దులపడానికేమీ లేదు. వంటక్క అద్దం దగ్గరికి వెళ్లి చూసింది. పదకొండు ఖాళీ, సూపు గిన్నె అడుగు కనిపిస్తోంది. ఏడు ఖాళీ, గుడ్డు పెంకులు తప్ప ఏమీ లేవు. పద్నాలుగు ఖాళీ, అంచులతో సహా. పంతొమ్మిది ఖాళీ. నిజానికి అవి నాలుగైదు రోజులుగా ఖాళీగానే వస్తున్నాయి, పదకొండు తప్ప ఇంకోటి చూస్తే కదా ఆవిడ. ఇరవై రెండింటిలో రెండు తప్ప అన్నీ ఖాళీ. బకెట్ అడుగున రెండు చెంచాల జావ ఉంది.

అది చాలదన్నట్టు బండన్న వార్డుకు వెళ్లి వచ్చిన సూపు డేకిసా ఎత్తి కిటికీ అద్దానికి చూపించాడు. లోపల గీకిన గుర్తులున్నాయి. పన్నెండేళ్లలో మొదటిసారి ఆయన నోట ఆ మాట వచ్చింది.

"వంటక్కా, ఇంకా ఉందా?"

అంతే, ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఇరవై మంది రోగుల తిండి ఒక్కడివే తింటున్నావా, నీది కడుపా గోదామా అని మొదలుపెట్టి, ఆయన బొజ్జకూ ఈలకూ కూడా అక్షింతలు వేసింది. బండన్న ఏదో చెప్పబోయి, నోటి మీద చేయి వేసుకుని, నేను చెప్పకూడదమ్మా, ఒట్టు వేయించుకున్నారు అన్నాడు. ఎవరు అంటే, చిన్న డాక్టరు అన్నాడు. దొంగతనంలో డాక్టరుకు కూడా వాటా ఉందని తేలడంతో వంటక్కకు ఇక ఆగడానికి కారణం కనబడలేదు. నడుముకు కట్టుకున్న గుడ్డ విప్పి బల్ల మీద కొట్టింది. తాడో పేడో ఈ రోజే తేలిపోవాలని బయలుదేరింది.

వంటింటి నుంచి వార్డుకు రాళ్లు పరిచిన నడవా. మధ్యాహ్నపు ఎండ ఏటవాలుగా పడుతోంది. సగం దూరం వెళ్లేసరికి కోపం కాళ్లలోంచి జారిపోయి, దాని చోట ఆ రెండో ఆలోచన వచ్చి కూర్చుంది. పదకొండో మంచం మీద ముక్కూ మొహం తెలియని మనిషి ఉంటే? ఆదివారం చూపులు అందుకే ఆపేసి ఉంటే? బండన్న చూపు అందుకే తిప్పుకుని ఉంటే? వెనక్కి వెళ్లిపోదామా అనిపించింది. తెలియకుండా ఉన్నంతసేపు చెల్లెలు ఉన్నట్టే కదా. కానీ కాళ్లు అలవాటు కొద్దీ నడిచాయి, వంట మనిషి కాళ్లకు ఆగడం తెలియదు.

అద్దం తలుపు దగ్గరికి రాగానే ఆవిడకు ఒక చప్పుడు వినిపించింది. మొదట అది ఏమిటో తెలియలేదు, ఆ భవనంలో ఎప్పుడూ వినలేదు కాబట్టి. నవ్వు. ఒకరిది కాదు, పదిమందిది. లోపల చూస్తే నవ్వరాదు అన్న బోర్డు కిందే ఏడో నంబరు మంచం మీద కూర్చుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది. పద్నాలుగో నంబరు కిటికీ దగ్గర నిలబడి పాడుతోంది, శ్రుతి ఏమంత గొప్పగా లేదు. పెద్ద నర్సు వాళ్లను గదమాయించాల్సింది పోయి, తలుపు వైపు వీపు పెట్టి కళ్లు తుడుచుకుంటోంది. చిన్న డాక్టరు చేతిలో బరువులు రాసే కాగితం పట్టుకుని, ఏం చేయాలో తోచక నిలబడి ఉన్నాడు.

పదకొండో మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడిచి పెట్టి ఉంది.

వంటక్క తలుపు చెక్కను పట్టుకుంది. డాక్టరు ఆవిడను చూసి గాభరాగా తలుపు కొద్దిగా తీసి, బయటికి వచ్చి, ఆవిడ అడగకుండానే అన్నీ ఏకరువు పెట్టాడు. మూడు వారాల క్రితం కొత్త మాత్ర వచ్చింది. వేలి గోరంత ఉంటుంది, తెల్లగా. ఈసారి ఒక్కటే కాకుండా వేరే మందుతో కలిపి ఇస్తున్నారు, క్రిమికి తప్పించుకునే దారి లేకుండా. కిందటిసారి సూది మందు చూసి ముందే పండగ చేసుకున్నాం, మీ మొహం తర్వాత ఎలా అయిందో నాకు గుర్తుంది, అందుకే ఈసారి పరీక్షలు తేలేదాకా బయటివాళ్లకు చెప్పొద్దని అందరిచేతా ఒట్టు వేయించాను అన్నాడు. ఇద్దరికి ఇంకా గుణం కనబడలేదు. మిగతా ఇరవై మందికి జ్వరాలు దిగాయి, కఫంలో క్రిములు తగ్గాయి. అన్నిటికంటే ముందు ఆకలి పుట్టింది. అదెంత ఆకలి అంటే, నిన్న పంతొమ్మిదో నంబరు నా జేబులో బిస్కెట్ వాసన పట్టేసింది అన్నాడు. ఇరవై మందికి ఆకలి తిరిగివచ్చిన సంగతి వంటింటికి చెప్పాలని అంత చదువుకున్నవాళ్లలో ఒక్కరికీ తోచలేదు.

ఇదంతా వంటక్కకు సగమే వినబడింది. పదకొండో నంబరు ఎక్కడ అని అడిగింది.

డాక్టరు వేలు చూపించాడు. వార్డు చివర నీళ్ల కుళాయి దగ్గర, గోడకు ఒక చేయి ఆనించి, ఒక మనిషి నిలబడి గ్లాసు తర్వాత గ్లాసు నీళ్లు తాగుతోంది. గౌను కింద కాళ్లు సన్నగా ఉన్నాయి, వణుకుతున్నాయి, కానీ రెండూ నేల మీదే ఉన్నాయి. జడ తను వేసుకున్నట్టే వంకరగా ఉంది. ఆ మనిషి మూతి తుడుచుకుని ఇటు తిరిగింది.

చెల్లెలు అద్దం వెనక అక్కను చూసి ఆగిపోయింది. తర్వాత మంచం తర్వాత మంచం పట్టుకుంటూ, పడవలో నడిచినట్టు నడిచి వచ్చింది. ఇరవై రెండు మంచాల వార్డు అంత పొడుగని వంటక్కకు ఎప్పుడూ తెలియలేదు. పెద్ద నర్సు నియమాలన్నీ మింగేసి, తలుపు ఒక బెత్తెడు తీసి పట్టుకుంది, ఇంతకంటే తీయను, మూడడుగుల దూరంలో ఉండండి అంది.

రెండేళ్లుగా అడగాలనుకున్నవి వంటక్క గుండెలో ఎన్నో ఉన్నాయి. నొప్పిగా ఉందా, భయంగా ఉందా, నన్ను తలచుకుంటున్నావా. నోటికి వచ్చింది మాత్రం వేరే.

"నా ముక్క ఏదే?"

చెల్లెలు తప్పు చేసిన పిల్లలా తల దించుకుంది. గొంతు బొంగురుగా, వాడక తుప్పు పట్టినట్టు ఉంది.

"తినేశానక్కా. రోజూ పక్కన పెడుతున్నాను. పెట్టి, చూస్తూ చూస్తూ తినేస్తున్నాను. ఆకలేస్తోంది."

వంటక్క అక్కడే రాళ్ల మీద కూర్చుండిపోయింది. ఏడ్చిందో నవ్విందో పక్కనున్న డాక్టరు కూడా చెప్పలేడు, రెండూ కలిపే వచ్చాయి. ఇరవై రెండేళ్లుగా తన కడుపు మాడ్చుకుని అక్కకు మూల విరిచి పెట్టిన పిల్ల, ఆ మూల కూడా తినేసేంత ఆకలి తెచ్చుకుంది. లోకంలో ఇంతకంటే మంచి దొంగతనం ఇంకోటి జరిగి ఉండదు.

చెల్లెలు ఇంకో మాట కూడా అంది. ఇవాళ సూపులో ఉప్పు సముద్రమంత ఉందట. వంటింట్లో ఎవరైనా కొత్తవాళ్లు చేరారా అని అడిగింది. అయినా తాగేసింది, ఇంకొంచెం ఉంటే అదీ తాగేది. వంటక్కకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొత్తవాళ్లు కాదే, పాత మూర్ఖురాలే అని మాత్రం అంది. అప్పుడు నర్సు ఇక చాలని తలుపు మూసేసింది. చెల్లెలు అద్దం అవతల నిలబడి, పెద్దగా, బోర్డు చూసి కూడా నవ్వింది.

తిరిగి వెళ్లేసరికి బండన్న పళ్లేలన్నీ ఉడకబెట్టి, తుడిచి, వరసగా పేర్చి, తిట్లకు సిద్ధంగా నిలబడి ఉన్నాడు. వంటక్క ఆయనను బల్ల దగ్గర కూర్చోబెట్టి, పొయ్యి మీది సూపు గిన్నె నిండా పోసి ముందు పెట్టింది. తప్పయిపోయింది బండన్నా అంది. ఆయన చెంచా కొసతో కాస్త నాలుక మీద వేసుకుని, ఉప్పు సరిపోయిందని నిర్ధారించుకున్నాకే మిగతాది తాగాడు. పదకొండో నంబరు అమ్మాయి రోజూ పళ్లెం అంచున ముక్క పెట్టుకుని దానితో యుద్ధం చేస్తుంటే, తను వార్డులో నిలబడి చూసేవాడినని, బయటికి చెప్పలేక కడుపు ఉబ్బిపోయిందని అన్నాడు. బొజ్జ సంగతి అదన్నమాట అని ఇద్దరూ నవ్వుకున్నారు.

తర్వాత ఆవిడ గుడ్డ మళ్లీ నడుముకు బిగించింది. రోజూ పెట్టే చిన్న డేకిసా కింద పడేసి, రెండేళ్లుగా గోడ వార బోర్లించి ఉన్న పెద్ద కాగు తీసి తోమింది. పొద్దు వాలకముందే బంగాళాదుంపలు ఉడికాయి, పాలు పొంగాయి, రొట్టెలు పొయ్యిలోంచి వచ్చాయి. ఆ వాసన నడవా దాటి వార్డులోకి వెళ్లి ఉంటుంది, పద్నాలుగో నంబరు పాట మధ్యలో ఆగిపోయింది.

పదకొండో నంబరు పళ్లెంలో వంటక్క అన్నీ వడ్డించింది. చివర్లో తన వాటా రొట్టెలోంచి ఒక మూల విరిచి, పళ్లెం ఎడమ అంచున విడిగా, నీటుగా పెట్టి పంపింది.

సాయంత్రం భోజనాలయ్యాక అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. బండన్న ఆ పళ్లెం ఎత్తి, దులపకుండా, ఆవిడకు కనబడేలా తిప్పి చూపించాడు. ఆ అక్కముక్క కూడా లేదు.